ఆవిరి లేచాక హీరో వస్తాడనుకోకండి!

వెండితెర మీద హీరోయిన్ కారు ఆగిపోయిందంటే ప్రేక్షకుడికి ఒకటే అర్థం - ఇంకో రెండు నిమిషాల్లో డ్యూయెట్ ఉంది! బానెట్‌లోంచి గుప్పున ఆవిరి లేస్తుంది. అమ్మాయిగారు కొంగుతో మొహం తుడుచుకుంటూ రోడ్డుకి అటూ ఇటూ చూస్తుంది. అంతలో చెట్టు చాటునుంచి హీరో ఊడిపడతాడు. పక్క చేలో బావి ఉండనే ఉంటుంది. బిందెడు నీళ్ళు తోడుకొచ్చి, రేడియేటర్ మూత తీసి గడగడా పోసేస్తాడు. కారు స్టార్టవుతుంది, మనసులు కలుస్తాయి, నేల టిక్కెట్టులో ఈలలు!

ఈ సీనుకి భాషాభేదం లేదు. 1958లో వచ్చిన హిందీ చిత్రం 'చల్తీ కా నామ్ గాడీ'లో వానరాత్రి మధుబాల కారు మొరాయించబట్టే కదా, గ్యారేజీలో ఉన్న కిశోర్ కుమార్‌కి ఆమె దర్శనభాగ్యం కలిగింది! కారు ఆగకపోతే కథ నడవదు. అదీ మన రచయితల సూత్రం.

అంతా బాగానే ఉంది గానీ, బిందెతో నీళ్ళు పోసే ఆ సీనుని తెర మీద చూపించినట్టే నిజంగా చేశారనుకోండి... తరవాతి సీను డ్యూయెట్ కాదు, ఆస్పత్రి! ఎందుకో చెబుతాను. ముందు అసలు ఈ వారం మన పేజీలో కార్ల గోల ఎందుకొచ్చిందో చెప్పాలి కదా.

ఇదివరకు సినిమా పిచ్చి ముదిరిన కుర్రాళ్ళు మద్రాసు రైలెక్కి స్టూడియో గేట్ల ముందు పడిగాపులు పడేవారు. ఇప్పటి కుర్రకారు అభిమానం ఇంకో రకం. సినిమా తీసిన చోటు కళ్ళారా చూడాలి, అక్కడ నిలబడి ఫోటో దిగాలి! నలుగురు కలిసి కారు మాట్లాడుకునో, నాన్నగారి కారుని బతిమాలి సంపాదించో బయల్దేరుతున్నారు. 'అరుంధతి' (2009)లో అనుష్క జేజెమ్మగా నడిచిన ఆ కోటలాంటి బంగళా ఉంది చూశారూ, అది బనగానపల్లెలో ఉంది. కట్టించుకున్నది నవాబులు, జనం మాత్రం అరుంధతి బంగళా అంటున్నారు. సినిమా మహత్యం! ఆ దారిలోనే బెలుం గుహలు. ఇంకో వైపు తిరిగితే పెన్నానది కొండల్ని నిలువునా కోసుకుపోయే గండికోట. ఈ మూడింటికీ బయల్దేరడానికి వాటమైన ఊరు తాడిపత్రి. అందుకే మొన్న వేసవిలో నేనూ అక్కడ దిగాను.

తాడిపత్రి అంటే మీకేం గుర్తొస్తుంది? బండలా? పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడా? సినిమా పాఠకులకి గుర్తు రావలసింది వేరే ఉంది. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957), 'జగదేకవీరుని కథ' (1961) తీసిన కె.వి.రెడ్డిగారు 1912లో పుట్టింది ఈ ఊళ్ళోనే! ఆయన పద్ధతి గురించి సినిమా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. స్క్రిప్టు పక్కాగా చేతికి రానిదే కెమెరా కదిలేది కాదు. రిహార్సల్స్‌లో స్టాప్‌వాచీ పెట్టి ఏ సీను ఎంతసేపు వస్తుందో ముందే లెక్క కట్టుకునేవారు. సెట్టు మీదికొచ్చాక తడుముకునే ప్రసక్తి లేదు. 'మాయాబజార్'లో మాయలన్నీ అలా ముందే కొలిచి పెట్టుకున్న మాయలు. అలాంటి ఊరినుంచి కారు తీసేవాడు బానెట్ ఎత్తి చూడకుండా తీస్తే ఊరి పరువేం కాను?

ఆ మాట నేనన్నది కాదు లెండి. అంటే, కె.వి.రెడ్డిగారి పేరు ఎత్తలేదు గానీ అదే అర్థం వచ్చేలా ఊరి చివర ఓ షెడ్డు మేస్త్రీ నలుగురు కుర్రాళ్ళని నా కళ్ళముందే కడిగేశాడు. ఆయనకి అరవై దాటాయి. చిన్నప్పుడు బండల లారీల మీద క్లీనరు. కుర్రాళ్ళు ముందురోజు సాయంత్రం పంక్చర్ వేయించడానికి కారు వదిలి వెళ్ళారు. రాత్రంతా అది షెడ్డు ముందే ఉంది. తెల్లారి ఆరింటికల్లా స్నానాలు చేసి, బొట్లు పెట్టుకుని, బంతిపూల దండతో సహా దిగారు. అటే పోతున్నారని తెలిసి, బెలుం దాకా ముందు సీటు నాకివ్వమని అప్పటికే మాట తీసుకున్నాను.

"యాడికప్పా ప్రయాణం?" అన్నాడు మేస్త్రీ.

"బెలుం, అట్లే అరుంధతి బంగళా. రేపు గండికోట చూసుకోని వస్తాం మామా."

"టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినారా?"

"పెట్టినాం."

"దండ ఏసినారా?"

"ఏసినాం."

"బానెట్ ఎత్తినారా?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో చురుకైనవాడు, "మొన్ననే సర్వీసింగ్ అయింది మామా" అన్నాడు.

"సర్వీసింగ్ అయింది మొన్న. మీరు పొయ్యేది ఈ పొద్దు!"

హాల్లో అయితే ఈ డైలాగుకి చప్పట్లు పడేవి!

ఆయన బానెట్ కూడా వెంటనే ఎత్తలేదు. కారుని న్యూట్రల్‌లో పెట్టించి, స్టార్ట్ చెయ్యకుండా నాలుగడుగులు వెనక్కి తోయించాడు. రాత్రంతా కారు నిలబడిన నేలని వంగి చూశాడు. "కారు సొంతంగా రాసే ఉత్తరమప్పా ఇది. ముందు ఇది చదవల్ల" అన్నాడు. నల్లగానో గోధుమ రంగుగానో మరకుంటే ఇంజన్ ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీ రంగుగానో జిడ్డుగా ఉంటే రేడియేటర్ కూలెంట్. ఎర్రగా ఉంటే పవర్ స్టీరింగ్ ఆయిలో, ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలో. చక్రం దగ్గర పల్చటి నూనెలాంటి తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ - అప్పుడు ప్రయాణం మాట మరిచిపోవాలి. ఉత్త నీళ్ళు చుక్కలు పడితే భయం లేదు, అది ఏ.సి. కార్చిన నీరు. ఈ కారు కింద నేల పొడిగానే ఉంది. కుర్రాళ్ళు సగం గెలిచినట్టు నవ్వారు.

బానెట్ లేచింది. మొదట ఇంజన్ ఆయిల్. కొలిచే కడ్డీని బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి, మళ్ళీ లాగి అప్పుడు చూడాలి. మొదటిసారి లాగినప్పుడు చూసింది లెక్కలోకి రాదు, కడ్డీ పొడుగునా నూనె చిమ్మి ఉంటుంది. కారు చదునైన నేల మీద ఉండాలి. ఇంజన్ ఆగి కనీసం పది నిమిషాలు కావాలి, రాత్రంతా ఆగి ఉంటే ఇంకా మంచిది. కడ్డీ మీద రెండు గీతలుంటాయి. నూనె వాటి మధ్య ఉండాలి, దూర ప్రయాణమైతే పై గీతకి దగ్గరగా ఉండాలి. పైగీత దాటి పోస్తే ఇంకా బలం అనుకుంటారు కొందరు... అది చిలికిన మజ్జిగలా నురగలు కక్కి ఇంజన్‌కి అసలు నూనే అందకుండా చేస్తుంది! నూనె నల్లగా ఉందని బెదరక్కర్లేదు, డీజిల్ బండిలో అది త్వరగానే నల్లబడుతుంది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం బెదరాలి. కూలెంట్ వెళ్ళి నూనెలో కలుస్తోందన్నమాట.

"ఆయిల్ తగ్గితే దీపం ఎలుగుతాది గదా మామా?" అని అడిగాడు వెనకాల నిలబడ్డవాడు. నూటికి తొంభైమంది అనుకునేది అదే. డాష్‌బోర్డు మీద అల్లావుద్దీన్ అద్భుతదీపంలాంటి బొమ్మ ఉంటుంది. మామూలుగా అది చెప్పేది నూనె మట్టం గురించి కాదు, నూనె ఒత్తిడి గురించి. దారిలో అది ఎర్రగా వెలిగిందంటే ఇంజన్ లోపలి భాగాలకి నూనె అందడం లేదని. 'పెట్రోల్ బంకు దాకా పోదాం' అనుకోకూడదు. అక్కడికక్కడే పక్కకి తీసి ఇంజన్ ఆపాలి. ఆ దీపాన్ని రుద్దితే భూతం రాదు, కొత్త ఇంజన్ బిల్లు వస్తుంది!

ఇక అసలు కథ కూలెంట్‌ది. ఇక్కడ మేస్త్రీ ఆగి, ఎడమచేతి చొక్కా మోచేతి పైదాకా మడిచాడు. మణికట్టునుంచి మోచేతి దాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఎండాకాలం మధ్యాహ్నం లారీ ఆవిరి కక్కితే, డ్రైవరు తొందర పెడితే, గోనెపట్టా వేసి మూత తిప్పాడట. "మూత ఎగిరింది అనుకున్యా. ఎగిరింది మూత కాదు, నా చెయ్యి" అన్నాడు. నెలన్నర మంచం మీద. ఆ డ్రైవరు మళ్ళీ చూడటానికి రాలేదట.

సంగతేమిటంటే, రేడియేటర్ మూత ఉత్త మూత కాదు. ప్రెషర్ కుక్కర్ మీద వెయిట్ లాంటిది. లోపల ఒత్తిడి పెంచి పట్టి ఉంచుతుంది కాబట్టి, 100 డిగ్రీల దగ్గర మరగాల్సిన నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగకుండా నిలబడతాయి. మీరు మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది, లోపలున్నదంతా ఒక్కసారి ఆవిరై మొహం మీదికి లేస్తుంది. మీ అమ్మగారు ఆవిరి పోకుండా కుక్కర్ మూత లాగరు కదా. హీరో కూడా లాగకూడదు! అందుకే చూడటమనేది పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. ఇప్పటి చాలా కార్లలో మూత తీసే పనే లేదు. పక్కన తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, దాని మీద రెండు గీతలు. బయటినుంచే కనిపిస్తుంది.

డబ్బాతో పాటు రబ్బరు గొట్టాలూ చూడాలి. వేళ్ళతో నొక్కితే గట్టిగా, సాగుతూ ఉండాలి. మెత్తగా ఉబ్బినా, పగుళ్ళు కనిపించినా మార్చాలి. దీని మీద ఏకంగా ఓ గొప్ప సినిమా నిలబడిందంటే నమ్ముతారా? స్టీవెన్ స్పీల్‌బెర్గ్ ఇరవై నాలుగేళ్ళ వయసులో, 1971లో అమెరికన్ టెలివిజన్ కోసం తీసిన 'డ్యూయెల్' చూడండి. ఒంటరి రోడ్డు, ఎర్ర కారులో ఓ మామూలు మనిషి, అతణ్ణి వెంటాడే రాక్షసి లారీ, అంతే కథ. మొదట్లో పెట్రోల్ బంకు కుర్రాడు బానెట్ ఎత్తి, రేడియేటర్ గొట్టం మార్చుకుంటే మంచిదని చెబుతాడు. మనవాడు తరవాత చూద్దామంటాడు. ఆ ఒక్క మాటని ప్రేక్షకుడు మరిచిపోతాడు, దర్శకుడు మరిచిపోడు! ఆఖర్లో కొండ ఎక్కుతుంటే, వెనక లారీ తరుముకొస్తుంటే, సరిగ్గా అప్పుడు ఆ గొట్టం పగులుతుంది. ఆవిరి లేస్తుంది, ముల్లు ఎర్రగీత దాటుతుంది, కారు నీరసపడిపోతుంది. కుర్చీలో కూర్చోలేం. చేత్తో తడిమి చూస్తే తెలిసిపోయే గొట్టం అంత పని చేస్తుంది.

కుర్రాళ్ళ కారులో కూలెంట్ కింది గీతకి ఓ వేలెడు దిగింది. అందులో ఒకడు చటుక్కున షెడ్డు కుళాయి దగ్గరికి మగ్గు పట్టుకెళ్ళాడు. మేస్త్రీ కేకేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఆ నీళ్ళు బోరు నీళ్ళురా నాయనా!"

మీరు బెలుం గుహలు చూసుంటే ఈ మాట అర్థమవుతుంది. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న ఆ గుహలు ఎలా ఏర్పడ్డాయి? సున్నపురాయిని నీళ్ళు వేల ఏళ్ళు కరిగించుకుంటూ పోతే. కరిగిన ఆ సున్నమే చుక్క చుక్కగా పైనుంచి దిగి గట్టిపడితే కోటిలింగాలంటూ కెమెరాలు తీసి ఫోటోలు తీస్తాం. ఈ ప్రాంతంలో బోరు నీళ్ళలో ఉండేదీ ఆ సున్నమే. చల్లగా ఉన్నంతసేపు కనపడదు. వేడెక్కిందంటే నీళ్ళని వదిలి తెల్లటి పెచ్చు కడుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున చూడండి. రేడియేటర్‌లో సన్నటి గొట్టాలకి కూడా అదే పెచ్చు పడితే నీళ్ళు తిరగవు, వేడి బయటికి పోదు. గుహలో అందం, కారులో గండం! ఉత్త నీళ్ళు పోస్తే ఇంకో నష్టం, లోపలి లోహానికి తుప్పు. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి. కాబట్టి కలిపి అమ్మే కూలెంట్ పోయాలి, లేదా కంపెనీ చెప్పిన పాళ్ళలో డిస్టిల్డ్ వాటర్‌తో కలుపుకోవాలి. రకరకాల రంగుల కూలెంట్లు ఒకదాంట్లో ఒకటి కలపకూడదు. ఇంకో మాట, అది తియ్యగా ఉండే విషం. పసిపిల్లలకీ కుక్కలకీ అందనివ్వకండి.

నీళ్ళకి కరువున్న సీమలో ఇంత చెప్పడం చాదస్తం అనుకునేరు. అనంతపురం జిల్లా దేశంలో అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో ఒకటి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, వేసవిలో ఎండ 40 దాటుతుంది. సినిమా హీరోకి దొరికే నిండుబావి ఇక్కడ దారిపక్కన దొరకదు. దొరికితే బోరు కుళాయి. గత్యంతరం లేనప్పుడు, ఇంజన్ చల్లారాక, ఆ నీళ్ళే పోసి షెడ్డు దాకా చేరడం తప్పు కాదు. ఇంజన్ కాలిపోవడం కన్నా అది నయం. చేరాక అంతా దింపి కడిగించి సరైనది పోయించాలి. కానీ దాన్ని అలవాటు చేసుకోకూడదు. అందుకే మేస్త్రీ వాళ్ళకి కలిపిన కూలెంట్ సీసా ఒకటి అమ్మాడు, మంచినీళ్ళ క్యాను ఒకటి ఎక్కించాడు. క్యాను మనుషులకి, సీసా కారుకి.

పాత టాక్సీ డ్రైవర్లు ఇదంతా ఎవరూ చెప్పకుండానే చేసేవారు. అంబాసిడర్ రోజుల్లో పొద్దున్నే నీళ్ళూ ఆయిలూ చూడనిదే తాళం తిప్పేవారు కాదు. అది దాహంగల బండి మరి! 1983 చివర్లో మారుతి 800 వచ్చింది, తరవాత ఒకదాన్ని మించి ఒకటి మూసిపెట్టిన కార్లొచ్చాయి, 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. కార్లు బాగుపడ్డ కొద్దీ మనం బానెట్ ఎత్తడం మానేశాం. నిమ్మకాయలు మాత్రం మానలేదు. పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. టైరు కింద నిమ్మకాయ పెట్టడానికి వంగినవాడు కారు కింద మరకుందేమో కూడా చూడచ్చని నా మనవి.

తరవాత బ్రేకులు. మన సినిమాల్లో విలన్ అనుచరుడు రాత్రిపూట కారు కింద దూరి 'బ్రేక్ వైర్ కట్ చేశాను బాస్' అంటాడు. సైకిల్‌కి ఉంటుంది వైరు! కారుకి ఉండేది గొట్టం, అందులో బ్రేక్ ఆయిల్. మీ పాదం ఒత్తిన బలాన్ని నాలుగు చక్రాలకీ మోసేది ఆ ద్రవమే. హిచ్‌కాక్ ఆఖరి చిత్రం 'ఫ్యామిలీ ప్లాట్' (1976)లో బ్రేకులు చెడగొట్టిన కారు కొండదారిలో దిగే సీను చూస్తే, నవ్వుతూనే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటాం.

దీని డబ్బా చిన్నది, దాని మీదా రెండు గీతలే. కొంచెం కొంచెంగా తగ్గితే బ్రేక్ ప్యాడ్లు అరుగుతున్నాయని అర్థం. అప్పుడు పోసి నింపేయడం కాదు, ప్యాడ్లు చూపించాలి. ఉన్నట్టుండి తగ్గితే లీకు. కదలకూడదు. ఇంకో గుణం ఉంది దీనికి. గాలిలో తేమని పీల్చుకుంటుంది. సాధారణంగా వాడే డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పట్టాక ఆ హద్దు 155కి దిగజారచ్చు. ఘాట్‌రోడ్డు దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ వేడికి లోపల బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. అందుకే సుమారు రెండేళ్ళకోసారి మార్చమంటారు. అనంతపురం నుంచి తాడిపత్రి, బనగానపల్లె మీదుగా గుంటూరు వెళ్ళే జాతీయ రహదారి గిద్దలూరు ముందు నల్లమల ఘాట్ దాటుతుంది. ఆ దారి పట్టేవాళ్ళు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి, బ్రేకుని కాస్త విశ్రాంతి తీసుకోనివ్వాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. అద్దం కడిగే నీళ్ళ డబ్బా నింపుకోండి. సిమెంటు లారీల దుమ్ములో వైపర్ పొడిగా తిప్పితే ఎదురెండలో ఏమీ కనపడదు, అద్దమూ గీతలు పడుతుంది. బ్యాటరీకి మూతలుంటే డిస్టిల్డ్ వాటర్, మూతలు లేని సీల్డు బ్యాటరీ అయితే చెయ్యి పెట్టకండి. స్టీరింగ్ ఇప్పుడు చాలా కార్లలో కరెంటుది, ఆయిల్ ఉండదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లు కొన్నింటికి యూరియా ద్రావణం పోసే వేరే మూతుంటుంది, అది అయిపోతే బండి మళ్ళీ స్టార్టవదు. మీది ఆ రకమో కాదో పుస్తకంలో చూసుకోండి. కరెంటు కారు వాళ్ళు నవ్వనక్కర్లేదు, మీకూ కూలెంటూ బ్రేక్ ఆయిలూ ఉన్నాయి!

దారిలో వేడి ముల్లు పైకి పోతుంటే ఏం చెయ్యాలో కూడా మేస్త్రీ చెప్పాడు. ఏ.సి. ఆపెయ్యాలి. హీటరు పూర్తిగా తిప్పాలి! మే నెలలో, తాడిపత్రిలో! కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. కానీ ఇంజన్ వేడిని కాస్త కారులోకి లాగే ఉపాయం అది. ఆ కాస్త ఊపిరితో నీడ చూసుకుని పక్కకి తీసి ఇంజన్ ఆపాలి. ఆపాక ముప్పావు గంట దాకా మూత జోలికి పోకూడదు. ఇదంతా కలిపి ఆ పొద్దున పట్టింది పన్నెండు నిమిషాలు, అందులో ఐదు నిమిషాలు మేస్త్రీ తిట్లకే పోయాయి.

బయల్దేరాం. బెలుం అక్కడికి ముప్పై కిలోమీటర్లు. కొలిమిగుండ్ల ఇంకా రాకముందే దారిపక్కన ఓ పాత కారు, బానెట్ ఎత్తి ఉంది, ఆవిరి! హీరోయిన్ ఎవరూ లేరు. ఓ పెద్దాయన, ఆయన మనవడు పదేళ్ళవాడు. పెద్దాయన తువ్వాలు చేతికి చుట్టుకుని మూత మీద చెయ్యి వేస్తున్నాడు. పిల్లవాడు తాత చెయ్యి పక్కనే మొహం పెట్టి చూస్తున్నాడు.

మా కారు ఇంకా పూర్తిగా ఆగకముందే వెనక తలుపు తీసుకుని దూకాడు, పొద్దున కుళాయి దగ్గరికి మగ్గు పట్టుకెళ్ళినవాడు. "తాతా, ముట్టొద్దు! ముట్టొద్దు!" అని అరుస్తూ పరుగెత్తాడు. పిల్లాణ్ణి నడుం పట్టి ఎత్తి పక్కన దింపాడు. పెద్దాయనకి కోపం వచ్చింది. "ఎన్నిసార్లు తీసిండ్లేదు నేను!" అన్నాడు. వీడు మేస్త్రీ చేతి సంగతి చెప్పాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా తన చేతి మీదే గీసి చూపించాడు. పెద్దాయన తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు.

వేపచెట్టు కింద ముప్పావు గంట కూర్చున్నాం. క్యాను నీళ్ళు అందరం తాగాం. పిల్లవాడు అరుంధతి సినిమా కథ సగం చెప్పాడు, భయమేసి మిగతా సగం చూడలేదట. మూత మీద అరచెయ్యి ఆన్చితే చల్లగా తగిలాక, గుడ్డ వేసి, మొహం దూరంగా పెట్టి, కొద్దికొద్దిగా తిప్పి తీశారు. కింద గొట్టం కట్టు దగ్గర వదులైంది. బిగించి, మా సీసాలో కూలెంటు ఉన్నంతా పోసి, తక్కువైన దానికి క్యాను నీళ్ళు పోశారు. తాడిపత్రిలో ఏ షెడ్డుకి పోవాలో మగ్గు కుర్రాడు గుర్తులతో సహా చెప్పాడు. తిట్లకి సిద్ధపడి పొమ్మని కూడా చెప్పాడు.

మేం బెలుం చేరేసరికి తొమ్మిది దాటింది. కారు నీడకి పెట్టి, దిగగానే నలుగురూ కిందికి వంగి చూశారు. ఏ.సి. నీళ్ళు నాలుగు చుక్కలు.